లారీ కింద డిజిటల్ యాంగిల్ గేజ్: ఎనిమిది నెలల వాడకం

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. అడుగున అయస్కాంతాలు, ముందు చిన్న తెర, రెండు బటన్లు. రంపం బ్లేడు వాలు చూసుకోవడానికి వడ్రంగులు వాడే యాంగిల్ గేజే ఇది. నేను మాత్రం నా రికవరీ లారీ కింద పెట్టడానికి కొన్నాను, అదీ షాఫ్ట్‌ను (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే పొడవాటి గొట్టాన్ని) రెండుసార్లు బ్యాలెన్స్ చేయించి విసిగిపోయాక.

ఆగిపోయిన లారీల ముందు చక్రాలు లేపి లాక్కెళ్లడం నా బండి పని. ఖాళీగా పోతే ఏ గొడవా లేదు. వెనక లోడు తగిలిందా, గంటకు 58 కిలోమీటర్ల దగ్గర సీటు కింద రేకు అంతా గుయ్యిమని వణికేది. మెకానిక్ ఒక రౌండు తోలి చూసి "షాఫ్ట్ బ్యాలెన్స్ పోయిందన్నా" అన్నాడు. చేయించాం, తగ్గలేదు. మళ్లీ చేయించాం. క్రాసులు (షాఫ్ట్ వంగి తిరగడానికి ఉండే కీళ్లు) కొత్తవి, రెండు ముక్కల షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగు కొత్తది, వణుకు మాత్రం పాతదే.

బ్యాలెన్స్ పోయి ఉంటే ఖాళీ బండిలోనూ వణకాలి కదా! ఈ ముక్క నాకు మొదటి బిల్లు కట్టకముందే తట్టి ఉంటే బాగుండేది.

ఒక రోజు లోడుతో పోతూ, వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో చూపించే యాప్ పెట్టి ఫోన్‌ను క్యాబిన్ నేల మీద ఉంచాను. 58 అంటే సెకనుకు 16 మీటర్లు. నా టైరు ఒక చుట్టు తిరిగితే 3.2 మీటర్లు, అంటే సెకనుకు 5 చుట్లు. నా హౌసింగ్ (వెనక ఇరుసు గేర్ల పెట్టె) రేషియో 4, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ నాలుగు చుట్లు, కాబట్టి షాఫ్ట్ 20 చుట్లు తిరుగుతుంది. టైరు తప్పయితే ఫోన్‌లో 5 దగ్గర కనపడాలి, షాఫ్ట్ బ్యాలెన్స్ అయితే 20 దగ్గర. కనపడింది 40. అదే స్పీడులో గేరు తగ్గించి చూశాను, ఇంజన్ చుట్లు పెరిగాయి కానీ 40 అలాగే ఉంది. కాబట్టి ఇంజనూ కాదు.

క్రాస్ జాయింటు వంపులో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 20 చుట్లకు 40 అలా వచ్చిందే. షాఫ్ట్‌కు అటు చివర, ఇటు చివర వంపు సమానంగా ఉంటే ఒకదాని కుదుపును రెండోది మింగేస్తుంది. రెండింటికీ తేడా 1 డిగ్రీ దాటకూడదు. ఒక్కో వంపు మామూలుగా 3 లోపే ఉండాలి. అలాగని పూర్తిగా తిన్నగానూ ఉండకూడదు, అర డిగ్రీ అయినా లేకపోతే లోపలి నీడిల్స్ (సూదుల్లాంటి సన్నని బేరింగు కడ్డీలు) దొర్లక ఒక్కచోటే గుంటలు పడతాయి.

గేజ్ అసలు ఉపయోగం ఇక్కడే. లోడు లేపితే నా బండి వెనక కుంగి, ముందు లేస్తుంది. మామూలు లెవెల్‌తో కొలిస్తే ఆ వాలు కూడా లెక్కలో కలిసిపోతుంది. దీన్ని ముందు చాసిస్ మీద పెట్టి జీరో నొక్కితే, ఆ తర్వాత చూపించేదంతా చాసిస్‌తో పోల్చిన కోణమే. ఖాళీగా ముందు షాఫ్ట్ 3.0, వెనక షాఫ్ట్ 5.5, పినియన్ (షాఫ్ట్ వచ్చి తగిలే హౌసింగ్ గేరు) 3.0. రెండు చివరలా వంపు 2.5, అంటే బండి బంగారం. లోడుతో ముందు షాఫ్ట్ అదే 3.0, వెనక షాఫ్ట్ 4.5, పినియన్ 1.0. ఒక చివర 1.5, ఇంకో చివర 3.5. దొంగ దొరికాడు.

లోడు పడ్డా ఎయిర్ సస్పెన్షన్ ఎత్తు మారకూడదు, మరి పినియన్ ఎందుకు వాలింది? బండి ఎత్తు చూసి గాలి పంపే హైట్ వాల్వ్ లివరు దగ్గర రబ్బరు బుష్ చిరిగి లూజు వచ్చింది. చాసిస్ రెండు సెంటీమీటర్లు కుంగే దాకా వాల్వ్‌కు సంగతే తెలియడం లేదు, బెలోస్‌లోకి (బండి బరువు మోసే గాలి సంచుల్లోకి) గాలి పంపడం లేదు. వేలెడు బుష్ మార్చి, ఎత్తు సరిచేసి, లోడుతో మళ్లీ కొలిస్తే తేడా 0.3. ఆ రోజే లాక్కెళ్లాను. 58లో చడీచప్పుడూ లేదు.

ఇక దీని మీద నా ఫిర్యాదులు. వాలు ముందుకా వెనక్కా అన్నది ఇది చెప్పదు, ఎప్పటికప్పుడు కాగితం మీద బాణం గీసుకోవాలి. మొదటిరోజు అది మరిచిపోయి గంట తల పట్టుకున్నాను. పినియన్ దగ్గర క్రాసును పట్టుకునే గుండ్రటి యోక్ మీద నిలవదు, బోల్టులు బిగించే చదునైన ఫ్లాంజ్ ముఖం మీద నిలువుగా అతికించి 90తో లెక్క చూసుకోవాలి. ఇనుప రజను అయస్కాంతానికి పట్టిందంటే అర డిగ్రీ అబద్ధం చెబుతుంది. షాఫ్ట్ మీద వెల్డింగ్ చేసిన బ్యాలెన్స్ ముక్క పైన పెట్టినా అంతే. తుడిచి, రెండుసార్లు పెట్టి చూడండి.

లోడుతో కొలిచేటప్పుడు హైడ్రాలిక్‌ను నమ్మి కింద దూరకండి. లేపిన బండి కింద స్టాండ్లు, అన్ని చక్రాలకూ అడ్డుచెక్కలు పెట్టాకే నేను దూరాను. ఎయిర్ బండి ఉన్నట్టుండి కిందికి దిగినా తల మీద పడకుండా చాసిస్ కింద కూడా స్టాండ్లు పెట్టాను.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఇప్పుడు 65 దగ్గర ఇంకో చిన్న ఊపు మొదలైంది. ఖాళీగానూ వస్తోంది, ఫోన్‌లో 5, 6 మధ్య చూపిస్తోంది. అది టైరు సంగతి, ఈ గేజ్‌కు దానితో పనిలేదు.