వైజాగ్‌లో రెండ్రోజులు, గోళ్ళనిండా మట్టి

నేనూ మా అక్కా రత్నాచల్ రైలెక్కి విజయవాడ నుంచి వైజాగ్ వెళ్తున్నామంటే అందరూ బీచ్‌కే అనుకున్నారు గానీ మేం వెళ్ళింది మట్టి పిసకడానికి. ఎంవీపీ కాలనీ వైపు ఒకావిడ మేడ మీద సిరామిక్ స్టూడియో నడుపుతున్నారు, రెండు పూటల క్లాసు, మనిషికి 1500, మట్టీ, చేసింది బట్టీలో కాల్చడమూ అందులోనే.

మొదటి అరగంట పిసకడమే. గాలి బుడగలు పోవాలట. చపాతీ పిండే కదా అనుకున్నా, కాదండీ బాబూ, చల్లగా, బరువుగా, వేలు పెడితే ఆ వేలిగీతలతో సహా దాచేసుకుంటుంది. అక్క చేప చేసింది, నేను గేదె. కొమ్ములు అతికించేముందు రెండు వైపులా గీతలు గీకి జారుమట్టి, అంటే నీళ్ళు కలిపి పలచన చేసిన మట్టి, పూయాలి, లేకపోతే ఆరేటప్పుడు ఊడొస్తాయి. తర్వాత వీపు కోసి లోపలి మట్టి స్పూన్‌తో తోడేయాలి. "మీ గేదెకి పొట్ట బరువెక్కువైందండీ" అని మేడమ్ రెండుసార్లు తోడించారు, కాళ్ళు మాత్రం నేనే వద్దన్నా, సన్నబడితే నిలబడదేమోనని.

ఆ రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండ్ దగ్గర లాడ్జి. తెల్లవార్లూ బస్సుల హారన్లు, పైగా చేతులు కడిగితే సింక్ జామ్! తప్పు మాదే లెండి, మట్టి చేతులు బకెట్లో కడగాలని మర్నాడు తెలిసింది. రెండో రాత్రి అప్పుఘర్ వైపు హోంస్టేకి మారాం, రేటు కాస్త ఎక్కువే కానీ పెరట్లో కుళాయి ఉంది, ఇలాంటి పనిమీద వచ్చేవాళ్ళకి ఏసీ కంటే అదే ముఖ్యం.

మధ్యలో 900కె బస్సెక్కి తొట్లకొండ చూసొచ్చాం. నేవీ వాళ్ళ సర్వేలో బయటపడ్డ బౌద్ధారామం అది, రెండువేల ఏళ్ళ నాటిది, తవ్వకాల్లో శాతవాహన నాణేలూ రోమన్ నాణేలతోపాటు కాల్చిన మట్టి పెంకులు కూడా దొరికాయట. పొద్దున్న మట్టి పిసికి సాయంత్రం అక్కడికెళ్తే నాణేల గురించి కాదు, ఆ పెంకులు చేసిన చేతుల గురించే ఆలోచన. ఎండలో మాత్రం వెళ్ళకండి, నీడ తక్కువ.

ఒక్క ఇబ్బంది, చేసింది వెంట తెచ్చుకోలేం. వైజాగ్ గాలిలో తేమకి నిదానంగా ఆరాలి, ఆ తర్వాత కరెంట్ కిల్న్‌లో, అదే బట్టీలో, 1000 డిగ్రీల దగ్గర ఒక కాల్పు, గ్లేజ్ అనే మెరుపు పూత కావాలంటే ఇంకోటి. మూడు వారాలకి కొరియర్ వచ్చింది. అక్క చేప నీలం గ్లేజ్‌తో అద్దంలా ఉంది. నా గేదె గ్లేజ్ లేకుండా, కాస్త చిక్కిపోయి, మూడు కాళ్ళతో వచ్చింది, లావు కాల్లో మిగిలిన తడి ఆవిరై పేల్చేసిందట, మేడమ్ ఆ ముక్కలు కూడా కాగితంలో చుట్టి పంపారు. ఇంటికొచ్చినవాళ్ళు చేపని బాగుందంటారు, చేతుల్లోకి తీసుకునేది మాత్రం గేదెనే. అక్కకి అదే మంట.