ముహూర్తానికి కంచిపట్టా, గద్వాలా, మధుపర్కమా? ఏది మేలు

మాఘమాసం ముహూర్తాలు పెట్టుకోవడం మొదలైందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఈసారి ఇప్పటికే ముగ్గురు అడిగారు, మా పిన్ని కూతురు, ఆఫీసులో ఒకమ్మాయి, వాళ్ళమ్మాయి కోసం పక్క ఫ్లాట్ ఆంటీ. ముగ్గురూ అడిగింది ఒకటే, ముహూర్తానికి కంచిపట్టు కొనాలా, గద్వాల్ సరిపోతుందా, ఎలాగూ మధుపర్కాలు కట్టుకుంటాం కదా మరి పట్టుచీర మీద అంత పెట్టడం అవసరమా అని. పోయిన వైశాఖంలో తెనాల్లో మా చెల్లి పెళ్ళి చేశాం, చీరలన్నీ నేనే దగ్గరుండి కొన్నా. అంతకు తొమ్మిదేళ్ళ ముందు నా పెళ్ళిలో ఒక పొరపాటు జరిగింది. ఆ రెండూ కలిపి చెప్తా.

చీర కొనేటప్పుడు అందరం చూసేది రంగు, అంచు, జరీ, రేటు, ఫోటోల్లో ఎలా కనపడుతుంది అని. నేనైతే వీటన్నిటికంటే ముందు ఒకటి చూడమంటా, ఆ చీర కట్టుకుని పీటల మీద ఎంతసేపు కూర్చోవాలి, అంతసేపట్లో దాని మీద ఏమేం పడతాయి. పెళ్ళి తంతు ఒకసారి వరసగా తలుచుకోండి. గౌరీపూజ దగ్గర పసుపు, కుంకుమ, అక్షింతలు. గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చేటప్పుడు కుచ్చిళ్ళు నలుగుతాయి. జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టాక ఆ బెల్లం ఒంటి వేడికి కరిగి చెవి పక్కనుంచి మెడ మీదకి, అక్కణ్ణుంచి పవిట మీదకి కారుతుంది, ఇది పెళ్ళికూతురికి ఎవరూ ముందుగా చెప్పరు. కన్యాదానంలో చేతుల మీద పోసే నీళ్ళు ఒళ్ళోకే వస్తాయి. తలంబ్రాలంటే పసుపూ నెయ్యీ పట్టించిన బియ్యం, దోసిళ్ళతో పోస్తారు, వంతులు మర్చిపోయి ఇద్దరూ పోటీ పడ్డాక అవి ఎక్కడ పడతాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఆ తర్వాత హోమం, పొగ, పేలాలు, కొంగుముడితో ఏడడుగులు. తక్కువలో తక్కువ మూడు గంటలు.

నా పెళ్ళికి చిలకపచ్చ కంచిపట్టు, ఎర్రంచు. ఫోటోలు బాగా వస్తాయని చీర మార్చుకోకుండా, మధుపర్కం పైన కప్పుకుని తంతు మొత్తం కానిచ్చేశా. తలంబ్రాలయ్యాక ఒళ్ళో చూసుకుంటే అరచేయంత పసుపు మరక. మర్నాడు మా అమ్మ పోతుందేమోనని దాని మీద కాస్త సబ్బు నీళ్ళు అద్దింది, చూస్తుండగానే మరక ఎర్రగా తిరిగిపోయింది. హారతికి పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రగా మారతాయి చూడండి, అదే ఇక్కడ జరిగింది, సబ్బులో ఉండే క్షారానికి పసుపు రంగు మారుతుంది. డ్రైక్లీనింగ్‌కి ఇస్తే కొంత పోయింది కానీ ఆ చోట పట్టు రంగు కూడా వెలిసింది. ఇప్పటికీ ఆ చీర కట్టుకోవాలంటే ఆ భాగం కుచ్చిళ్ళ లోపలికి వచ్చేలా చుట్టుకోవాలి. మీకు ఇలా జరిగితే నీళ్ళు కూడా తగలనివ్వొద్దు, ఎండిన పసుపు మెల్లగా దులిపేసి, ఇది పసుపు, ఇది నెయ్యి అని చెప్పి మరీ డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి.

అందుకని చెల్లి పెళ్ళికి ముందే అనుకున్నాం. కొన్న రెండు చీరలూ తీసుకెళ్ళి కింద కిరాణా కొట్లో కాటా మీద పెట్టా. కంచిపట్టు 1 కిలో 80 గ్రాములు తూగింది, గద్వాల్ పట్టు 560 గ్రాములు. సగం బరువు తేడా. దీనికి తోడు మగ్గం వర్క్ బ్లౌజు, వడ్డాణం, పూలజడ, హారాలు. షాపులో అద్దం ముందు భుజాన వేసి చూపించినప్పుడు ఆ కిలో మనకి తెలియదు, వైశాఖం ఎండలో వీడియో లైట్ల కింద రెండో గంట దాటాక భుజం మీద పిన్ను పెట్టిన చోట తెలుస్తుంది. అసలు బరువంతా జరీ కొంగులోనే ఉంటుంది, కొంగుముడి వేసి అబ్బాయి ఒకడుగు ముందు నడిస్తే ఆ లాగుడు మొత్తం ఆ పిన్ను మీదే, పట్టు చిరిగేది కూడా అక్కడే.

అలా అని కంచిపట్టుని తక్కువ చేసి మాట్లాడట్లేదు. కుచ్చిళ్ళు పెడితే అలా నిలబడేది, స్టేజి మీద దూరం నుంచి కూడా నిండుగా కనపడేది అదే. దారం పేటలు కలిపి పురి పెట్టి నేస్తారు కాబట్టి గట్టిగా ఉంటుంది, దాచుకుంటే కూతురికి ఇవ్వొచ్చు. పెట్టుబడి పెట్టేటప్పుడు మాత్రం రెండు చూడండి. ఒకటి జరీ, ఒక పోగు లాగి గోటితో గీకితే లోపల ఎర్ర పట్టు దారం కనపడాలి, అసలు జరీ అంటే ఆ దారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పెట్టింది, రాగి తీగది అయితే కొన్నేళ్ళకి నల్లబడుతుంది. రెండోది అంచు కలిసే చోటు, చీర తిరగేసి చూడండి, అంచూ ఒళ్ళూ విడివిడి పోగులతో నేసి కలిపిన కోర్వై అయితే ఆ జాయింటు వెనకవైపు తెలుస్తుంది. సిల్క్ మార్క్ లేబుల్ ఉందా అని కూడా అడగండి, అది సెంట్రల్ సిల్క్ బోర్డు వాళ్ళది, పట్టు అసలుదో కాదో చెప్తుంది, చేనేతా పవర్‌లూమా అన్నది మాత్రం చెప్పదు.

ఇప్పుడు గద్వాల్. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, అది పాత పద్ధతి గద్వాల్, పండగలకి బాగుంటుంది. పెళ్ళికి అడగాల్సింది మొత్తం పట్టుతో నేసిన గద్వాల్, కుప్పడం అంచు, అంటే అంచు విడి పోగులతో నేసి ఒంటికి కలిపింది, కోటకొమ్మ, అంటే గుడి గోపురాల వరసలాంటి డిజైన్ది. మేం ఆవపిండి రంగు ఒళ్ళు, మెరూన్ అంచు తీసుకున్నాం, 16,000 అయ్యింది, ఆ షాపులోనే చెల్లికి నచ్చిన కంచిపట్టు 48,000 చెప్పారు. రంగు కావాలనే ఆవపిండి తీసుకున్నా, పసుపు పడినా కలిసిపోతుందని. చెల్లి ఆ చీరలో కాళ్ళు మడిచి కూర్చుని లేచి కూర్చుని గౌరీపూజ, కన్యాదానం అన్నీ చేసింది, ఒక్కసారి కూడా పవిట సర్దమని నన్ను పిలవలేదు. మా మేనత్త మాత్రం కొనేటప్పుడే గొణిగింది, పెళ్ళికి గద్వాలేంటే, అందరూ కంచి కడుతుంటే అని. తిరుమల బ్రహ్మోత్సవాలకి శ్రీవారికి ఏరువాడ జోడు పంచెలు గద్వాల నుంచే వెళ్తాయి అత్తా, స్వామికి తక్కువ కానిది మనకి తక్కువ అవుతుందా అంటే ఇంక ఏమీ అనలేదు, పెళ్ళిరోజు తనే వచ్చి కొంగు పట్టుకుని చూసింది.

గద్వాల్‌లో లోటు ఏంటంటే కంచి అంత నిండు ఉండదు, బాగా సన్నగా ఉన్న అమ్మాయికి ఒంటికి అతుక్కున్నట్టు కనపడుతుంది, ఫోటోలకి ఆ జరీ మెరుపు తక్కువే. రాత్రి రిసెప్షన్‌కి అది కట్టమని నేనూ చెప్పను.

మధుపర్కం దగ్గర నాకు కాస్త గట్టి అభిప్రాయమే ఉంది. తెల్ల నూలు చీర, ఎర్రంచు, అంచులకి పసుపు. రెండు వేలు కూడా కాదు. దాన్ని పైన కప్పుకోవడమో, ఫోటో కోసం రెండు నిమిషాలు భుజాన వేసుకోవడమో కాకుండా, మీ ఇంట్లో ఆచారం ఉంటే దాన్నే పూర్తిగా కట్టుకుని మంగళసూత్రం, తలంబ్రాలు కానివ్వండి. పసుపు పడాల్సిన చీర అదే, పడితే దానికి అందమే తప్ప నష్టం లేదు. నూలు కాబట్టి చెమట పీలుస్తుంది. చెల్లి గద్వాల్ విప్పి మధుపర్కం కట్టుకుని బయటికి వచ్చేసరికి మా నాన్న లేచి నిలబడిపోయారు, ఆ ఫోటోనే ఇప్పుడు హాల్లో పెట్టుకున్నారు. మొన్న బీరువా సర్దుతూ ఆ చీర మడత విప్పితే కుచ్చిళ్ళ దగ్గర నుంచి నాలుగు తలంబ్రాల గింజలు రాలాయి, ఎండిపోయి ఇంకా పసుపుగానే ఉన్నాయి.

దీంతో ఉన్న ఇబ్బందులు రెండు. పలచగా ఉంటుంది, లైట్ల ముందు లోపలిది కనపడుతుంది, కాబట్టి మందపాటి తెల్ల లంగా విడిగా కుట్టించుకోవాలి, రంగు లంగా పనికిరాదు. రెండోది మార్చుకునే టైము. కన్యాదానం అయ్యాక సూత్రం కట్టే ముహూర్తానికి మధ్యలో దొరికేది చాలా తక్కువ, పంతులుగారు ఆగరు, ఆగినా ఆ ఘడియ ఆగదు. కాబట్టి పంతులుగారిని వారం ముందే కలిసి, మాకు పదిహేను నిమిషాలు కావాలి, ఎక్కడ ఇస్తారు అని అడిగి రాయించుకోండి. బ్లౌజు మార్చే పని పెట్టుకోకండి, ఎర్ర బ్లౌజు ఒకటే రెండు చీరలకీ సరిపోయేలా చూసుకోండి, నిజానికి మా చెల్లి గద్వాల్ అంచు మెరూన్ తీసుకుంది కూడా అందుకే. మధుపర్కానికి కుచ్చిళ్ళు ముందురోజే పెట్టి ఇస్త్రీ చేసి క్లిప్పులతో ఉంచండి. ఎక్కువ టైము తినేది చీర కాదు, వడ్డాణం తీసి పెట్టడం, దానికి ఒక మనిషిని కేటాయించండి. మా దగ్గర అన్నీ కలిపి పన్నెండు నిమిషాలు పట్టింది, బ్యూటీషియన్‌తో పాటు ఇద్దరం ఉన్నాం.

ఇంకొకటి, చాలా ఇళ్ళల్లో తలంబ్రాల చీర పెట్టేది అబ్బాయి వాళ్ళు. మీరు ఇక్కడ ఎంత ఆలోచించినా వాళ్ళు ఒక బరువైన చీర తెచ్చి ఇది కట్టుకోమ్మా అంటే కాదనలేరు. నిశ్చితార్థం అయ్యాక, వాళ్ళు షాపింగ్‌కి వెళ్ళకముందే, మీ అమ్మగారి చేత అత్తగారికి ఒక ఫోన్ చేయించండి, "వదినగారూ, తలంబ్రాలకి మీ వైపు తెల్ల చీరా పట్టుచీరా, మేం దానికి తగ్గట్టు బ్లౌజు కుట్టించుకుంటాం" అని. బ్లౌజు పేరు చెప్తే ఎవరూ నొచ్చుకోరు. ఆచారాలు ఇంటింటికీ మారతాయి, కొందరికి మేనమామ పెట్టిన చీరతోనే పీటల మీదకి రావాలి, అది కూడా ముందే కనుక్కోండి.

ధర్మవరం పట్టు సంగతి చెప్పలేదు కదా, కంచి నిండు కావాలి కానీ ఆ రేటు వద్దు అనుకునేవాళ్ళకి అది మంచి దారి, పెద్దంచు, రెండు రంగుల మెరుపు బాగుంటాయి. బరువు విషయంలో మాత్రం పైన కంచికి చెప్పిందే దీనికీ. ఉప్పాడ జాందానీ గాలిలాగా ఉంటుంది, చేత్తో ఒక్కో బుటా పెట్టి నేస్తారు, చాలా అందం, కానీ పిన్నులకీ వడ్డాణం కొక్కేలకీ పోగులు లేస్తాయి, వ్రతానికి కట్టుకోండి. పోచంపల్లి పట్టు పెళ్ళికూతుర్ని చేసే రోజుకి బాగుంటుంది. ఆర్ట్ సిల్క్ అని తక్కువలో కంచిలాగే ఉండేవి వస్తున్నాయి, అవి పట్టు కాదు, ఎక్కువగా పాలిస్టరే, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, హోమం దగ్గరికి మాత్రం అస్సలు వద్దు.

మా చెల్లికి చివరికి మేం చేసింది ఇది. గౌరీపూజ నుంచి కన్యాదానం వరకు గద్వాల్, సూత్రం, తలంబ్రాలు, హోమం మధుపర్కంలో, సాయంత్రం రిసెప్షన్‌కి కంచిపట్టు. ఆ కంచిపట్టు కూడా 48,000ది కాదు, 26,000లో ఇంకొకటి దొరికింది. దాని మీద ఇప్పటివరకు ఒక్క చుక్క మరక లేదు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి మళ్ళీ కట్టుకుంది.

కొనేది ఎప్పుడంటే, మాఘంలో పెళ్ళయితే కార్తీకంలోనే చీరలు అయిపోవాలి, మధ్యలో మూఢం వస్తే పెద్దవాళ్ళు కొననివ్వరు, క్యాలెండర్ చూసుకోండి. మగ్గం వర్క్ వాళ్ళకి నెల ముందు ఇవ్వండి, ఇచ్చేటప్పుడు చంకల కింద, మెడ వెనక పూసలు వద్దని గట్టిగా చెప్పండి, కొంగు బరువుకి అవి ఒత్తుకుని చర్మం కోసుకుపోతుంది.