కాలు మడత పడితే ఏది మేలు: ఐసా, కాపడమా, కరెంటా?

చీలమండ బెణికిందని వచ్చి, ఐస్ పెట్టాలా కాపడం పెట్టాలా అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది ఒకటే: నాలుగడుగులు వేయగలుగుతున్నారా? దెబ్బ తగిలిన వెంటనే గానీ ఇప్పుడు గానీ కుంటుకుంటూ అయినా నాలుగడుగులు పడట్లేదంటే, లేదా చీలమండకి రెండు వైపులా పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచు మీద వేలితో నొక్కితే ప్రాణం పోతోందంటే, ముందు ఎక్స్‌రే. పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముకకీ, చీలమండకి కాస్త ముందు పాదం లోపలివైపు ఉండే ఎముకకీ ఇదే వర్తిస్తుంది. కెనడాలోని ఒటావాలో 1992లో డాక్టర్లు ఈ పరీక్షకి నియమాలు ఏర్పరిచారు. అనవసరపు ఎక్స్‌రేలు తగ్గించడానికి పుట్టిన పద్ధతి ఇది. మన దగ్గర మాత్రం అవసరమైన ఎక్స్‌రే తీయించకుండా నేరుగా నాటు కట్టుకి వెళ్లేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

ఎముక బాగానే ఉందనుకుందాం. చాలామందికి దెబ్బతినేది చీలమండకి ముందు, బయటివైపు ఉండే సన్నటి లిగమెంట్, అంటే ఎముకని ఎముకకి కట్టి ఉంచే పట్టీ. పాదం లోపలికి మడత పడినప్పుడు ముందుగా సాగేదీ, చిరిగేదీ అదే. పావుగంటలో అక్కడ కోడిగుడ్డంత వాపు వస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు ఐస్‌కి, వేడికి పోటీ పెడితే ఐస్‌దే పైచేయి. అయితే మనం అనుకునే కారణానికి కాదు. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాలకి 1978లో ప్రచారం తెచ్చింది అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్. ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ మానే వేగాన్ని తగ్గించవచ్చని తర్వాత ఆయనే మాట మార్చుకున్నాడు. దెబ్బ తగిలిన చోట వచ్చే వాపు, మంట శరీరం చేసుకునే మరమ్మతులో భాగమే. ఐస్ వల్ల లిగమెంట్ త్వరగా అతుక్కుంటుందని గట్టి రుజువు లేదు, నొప్పి మాత్రం తగ్గుతుంది. నొప్పి తగ్గితే కాలు కదుపుతాం, అదే దాని అసలు ఉపయోగం. తడిగుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు చాలు. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కని నేరుగా చర్మం మీద పెడితే చర్మం మాడుతుంది.

ఉప్పు మూట కాపడం చెడ్డదేం కాదు, వేళ తప్పితేనే ఇబ్బంది. మొదటిరోజే పెడితే రక్తనాళాలు ఇంకా తెరుచుకుని వాపు పెరుగుతుంది. వారం తర్వాత వాపు దిగి, పొద్దున్నే మంచం దిగితే పాదం పట్టేసినట్టు ఉండే దశలో ఐస్ కంటే కాపడమే నయం. వ్యాయామానికి ముందు పది నిమిషాలు పెడితే కీలు హాయిగా తిరుగుతుంది. షుగర్ ఉండి అరికాళ్లు మొద్దుబారినవాళ్లు మాత్రం రెండిటికీ దూరంగా ఉండాలి. వేడి ఎంతుందో వాళ్లకి తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది.

మొదటి రోజుల్లో పిసికించడం, పట్టి లాగించడం వద్దే వద్దు. అమృతాంజన్ రాసుకోవచ్చు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఈ బామ్ ఇన్ని తరాలు నిలబడిందంటే ఊరికే కాదు. బామ్‌లలోని మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నరాలని తట్టిలేపుతుంది, ఆ సందడిలో లోపలి నొప్పి కాసేపు వెనక్కి పోతుంది. లిగమెంట్ దాకా వెళ్లి చేసేదేమీ లేదు.

ఇక కరెంటు. ఫిజియోథెరపీ సెంటర్‌కి వెళ్లి ‘కరెంటు పెట్టించుకుని వచ్చా’ అనేది చాలావరకు ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ) లేదా టెన్స్ (చర్మం మీంచి నరాలకి సన్నటి కరెంటు పంపే పరికరం). ఐఎఫ్‌టీలో సెకనుకి నాలుగు వేల సార్లు ఊగే రెండు కరెంట్లని కాస్త తేడాతో కాలికి అడ్డంగా దాటిస్తారు. అవి కలిసే చోట మనకి చీమలు పాకినట్టు అనిపించే అల పుడుతుంది. టెన్స్ ఇంకా సాదా పరికరం. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకి గేటు వేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన సిద్ధాంతమే దానికి ఆధారం. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే, నొప్పి చాలాకాలంగా ఉన్నవాళ్లకి టెన్స్ అంటాను. చిన్న మెషిన్, ఇంట్లోనే వాడుకోవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు రెండిటి జోలికీ పోకూడదు.

అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు, ధ్వని తరంగాలతో చేసే చికిత్స) మీద నాకు అంత గురి లేదు. చల్లటి జెల్ రాసి, గుండ్రటి తల ఉన్న పరికరాన్ని ఐదారు నిమిషాలు మెల్లగా తిప్పుతుంటే ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ కొత్త చీలమండ బెణుకులో నిజం మెషిన్‌నీ, ఆఫ్ చేసిన మెషిన్‌నీ పోల్చి చూసిన అధ్యయనాలన్నీ కలిపి పరిశీలిస్తే, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. షార్ట్‌వేవ్ డయాథెర్మీ లోతుకి వేడి పంపుతుంది కాబట్టి కొత్త దెబ్బకి పనికిరాదు. కాల్లో రాడ్డో ప్లేటో ఉంటే అసలు వద్దు. కరిగిన మైనంలో ముంచే వ్యాక్స్ బాత్ చేతి వేళ్లకి బాగుంటుంది. మణికట్టు విరిగి, పిండికట్టు విప్పాక వేళ్లు ముడుచుకోనివాళ్లకి అది నేనే చెబుతాను.

వీటన్నిటికీ ఒకే కొలమానం పెట్టుకున్నాను: దీని తర్వాత వ్యాయామం తేలికవుతుందా? అవుతుందంటే పెట్టించుకోండి. మెషిన్ మీద ఇరవై నిమిషాలు పడుకోబెట్టి, లేపి ఇంటికి పంపేస్తే ఆ డబ్బు ఆటోకి పెట్టుకున్నా ఒకటే.

ఎందుకంటే లిగమెంట్ చిరిగినప్పుడు పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకి చెప్పే వ్యవస్థ కూడా దెబ్బతింటుంది. నొప్పి పోయినా ఆ కబురు ఆలస్యంగానే వెళ్తుంది. అదే కాలు మళ్లీ మళ్లీ మడత పడడానికి ఇదో ముఖ్య కారణం. కరెంటు దీన్ని బాగుచేయలేదు, బ్యాలెన్స్ వ్యాయామం చేయగలదు. నొప్పి ఓర్చుకోగలిగిన రోజునుంచే మోకాలు కదలకుండా బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయండి. ఇంగ్లీషు కంటే మన గుండ్రటి అక్షరాలే మేలు, ‘ఱ’ దాకా వచ్చేసరికి కీలు అన్ని వైపులా తిరిగేస్తుంది. తర్వాత గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. ఆపైన పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడడం. అది అలవాటయ్యాక కళ్లు మూసుకుని, పక్కన గోడ అందేలా నిలబడండి. బాగున్న కాలితో హాయిగా నిలబడ్డ మనిషి దెబ్బతిన్న కాలి మీద ఎలా తూలుతాడో అక్కడ బయటపడుతుంది.

కట్టు సంగతి. చిన్న బెణుకుకి క్రేప్ బ్యాండేజీ చాలు. నడుస్తుంటే కాలు పక్కకి జారినట్టు ఉంటే రెండు పక్కలా గట్టి దన్ను ఉన్న యాంకిల్ బ్రేస్ మేలు, అది పాదాన్ని పైకీ కిందికీ కదలనిచ్చి పక్కకి ఒరగనివ్వదు. పిండికట్టు చాలా తీవ్రమైన బెణుకులకే, అదీ పది రోజుల లోపే. నెల రోజులు కట్టి ఉంచితే పిక్క సన్నబడి, దాన్ని మళ్లీ పెంచడం వేరే పనవుతుంది.

షటిల్, కబడ్డీ ఆడేవాళ్లు నొప్పి లేదు కదా అని కోర్టులో దిగిపోవద్దు. దెబ్బతిన్న కాలితో ఒంటికాలి గెంతు వేసి, రెండో కాలితో ఎంత దూరం వెళ్లారో దాదాపు అంతే వెళ్లాలి, దిగినప్పుడు తూలకూడదు. అలా వచ్చాక కూడా మొదటి కొన్ని నెలలు ఆటలో బ్రేస్ వేసుకోండి. ఒకసారి బెణికిన కాలికి అది మళ్లీ బెణికే ముప్పుని తగ్గిస్తుంది.