టైర్లు పెంచాక క్రౌన్ పినియన్ ఏది మేలు: 3.73, 4.10, 4.56?

మా డబుల్ క్యాబ్ పికప్‌కి 235/70 ఆర్16 టైర్లు తీసేసి 265/75 ఆర్16 వేసిన దగ్గర్నుంచి కనబడ్డవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. డిఫరెన్షియల్లో పళ్లు, అంటే చక్రాలని తిప్పే పెద్ద క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పినియన్, మార్చాలా, ఉన్నవాటితో నడిపేయొచ్చా? 3.73 రేషియో అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి పినియన్ 3.73 చుట్లు తిరగాలని. ఇంత పెద్ద టైరుతో ఘాట్‌లెక్కేవాళ్లు మార్చాల్సిందే. ఏ రేషియోకి అన్న దగ్గరే అందరూ తడబడుతున్నారు.

లెక్క చిన్నదే. పాత టైరు ఎత్తు 735 మిల్లీమీటర్లు, కొత్తది 804. తొమ్మిది శాతం పైచిలుకు పెరిగింది. బండితో వచ్చిన 3.73ని 1.093తో హెచ్చిస్తే 4.08. దొరికే సెట్లలో దానికి దగ్గరిది 4.10. నేనూ చివరికి అదే వేయించాను కానీ ఈ లెక్క చూసి కాదు, అనంతగిరి ఘాట్‌లో రెండో గేరు పడిన బాధ చూసి.

శృంగవరపుకోట దాటి ఎక్కడం మొదలయ్యాక మలుపుల్లో బండి నడిచేది గంటకి 25 దగ్గర, రెండో గేర్లో. మా బండికి రెండో గేరు రేషియో 2.2. పాత టైర్లతో ఆ వేగంలో ఇంజిన్ నిమిషానికి 1480 చుట్లు తిరిగేది, మలుపు తిరగ్గానే టర్బో అందుకునేది. పెద్ద టైర్లు వేసి 3.73నే ఉంచితే అదే మలుపులో 1350. వినడానికి 130 తేడా ఏముంది అనిపిస్తుంది గానీ, నలుగురు మనుషులు, వెనక సామాను ఉన్నప్పుడు డీజిల్ ఇంజిన్‌కి ఆ 130లోనే ప్రాణం ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా బండి గుడగుడమని వణకడమే తప్ప లాగదు, మొదటి గేరు వేస్తే ఇంజిన్ అరుస్తుంది, ఎదురుగా అరకు బస్సు దిగుతుంటే సగం క్లచ్ మీద నిలబెట్టాలి. అనంతగిరి చేరేసరికి క్యాబిన్ నిండా క్లచ్ కాలిన వాసన. గాజువాక ఆటోనగర్‌లో మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "టైర్లు పెంచీసి పళ్లు అలాగే వొగ్గీసినారేటి బాబూ?" అన్నాడు.

అందుకే నన్నడిగితే రేషియో తేల్చాల్సింది టాప్ గేరు చూసి కాదు, మీ బండి ఎక్కువ కష్టపడే గేరు చూసి. 4.10తో ఆ మలుపులో 1490 వచ్చింది, పాత బండి తిరిగొచ్చినట్టే ఉంది. 4.56 అయితే 1650 దాటుతుంది, ఘాట్‌లో దానికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ మేం నెలకి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్తాం. హైవే మీద 100లో, ఐదో గేరు 0.8 కాబట్టి, 4.10తో ఇంజిన్ 2165 తిరిగితే 4.56తో 2400 తిరుగుతుంది. గంటన్నర పైన ఆ హోరు వినాలి, డీజిలూ ఎక్కువ తాగుతుంది. ఇంకోటి, 4.10 సెట్లో మామూలుగా పినియన్‌కి 10 పళ్లు, 4.56లో 9. పినియన్ చిన్నదవుతుంది, బరువు మోసే ఓపికా తగ్గుతుంది. 285/75 వేసుకుని పాడేరు, చింతపల్లి కొండల్లోనే లోడుతో తిరిగేవాళ్లకి మాత్రం 4.56 సరైనదే.

బీచ్ రోడ్డు, భీమిలి, రుషికొండ తప్ప ఎక్కడికీ వెళ్లనివాళ్లు 3.73తోనే ఉండొచ్చు. టైరు 245/75 వరకే పెంచితే తేడా ఐదు శాతమే, అసలు విప్పించొద్దు. ఇంజిన్ ట్యూనింగ్ చేయిస్తే సరిపోతుందనేవాళ్లున్నారు, దానివల్ల క్లచ్ మీద భారం తగ్గదు. తారు రోడ్డు మీద ఫోర్ బై ఫోర్ లో-రేంజ్‌లో పెట్టి ఎక్కించడం ఇంకా తప్పు, మలుపుల్లో యాక్సిళ్లు బిగుసుకుంటాయి.

ఫోర్ బై ఫోర్ అయితే ముందు, వెనక రెండూ ఒకే రేషియోకి మార్చాలి. వెనకది ఒక్కటే మార్చి డబ్బు మిగిలిందనుకుంటే ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోతుంది. మీ యాక్సిల్ హౌసింగ్ (డిఫరెన్షియల్ ఉండే గుల్ల) డానా 44 అనే రకమైతే ఇంకో ఖర్చు ఉంది. 3.73 వరకు ఒక క్యారియర్ (క్రౌన్‌ని బిగించే దిమ్మ), 3.92 నుంచి పైకి వేరే క్యారియర్. సెట్టు కొనే ముందే అడగండి.

మరీ ముఖ్యం, బిగింపు. మొదటిసారి ఒక షెడ్డులో డయల్ గేజ్ (సన్నటి వదులు కొలిచే పరికరం) లేకుండా చేత్తో ఊపి చూసి బిగించేశారు, తగరపువలస చేరకముందే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక నుంచి కూత మొదలైంది. మళ్లీ విప్పించాం. ఈసారి మేస్త్రీ పళ్లకి పసుపు రంగు పూసి, పినియన్ తిప్పి, ఆ మచ్చ పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు (సన్నటి రేకు వాషర్లు) మారుస్తూనే ఉన్నాడు. నాలుగుసార్లు విప్పాడు. క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య వదులు (ప్లే) 0.2 మిల్లీమీటర్ల దగ్గర ఆగాక గానీ కవరు మూయలేదు. ఆ ఓపిక ఉన్న మనిషి దొరక్కపోతే 3.73తోనే ఉండిపోండి.

మైలేజీ పడిపోయిందని అప్పుడే గాబరాపడకండి. పెద్ద టైర్లు వేసి పళ్లు మార్చనప్పుడు మీటరు 80 చూపిస్తే నిజం వేగం 87, తిరిగిన దూరమూ తక్కువే చూపిస్తుంది. గేర్‌బాక్స్ వైపు నుంచి కేబుల్ వచ్చే మీటరు 4.10తో దానంతటదే సరిపోతుంది, చక్రాల సెన్సార్లతో నడిచేది సరిపోదు.

మొదటి 800 కిలోమీటర్లు లోడు వేయకుండా నడిపి గేర్ ఆయిల్ మార్పించాను. అందులో మెరిసే సన్నటి పొడి ఉంటే కంగారు లేదు, పళ్లు కుదురుకుంటున్నాయి. గోటికి తగిలేంత ముక్క వస్తే ఆ రోజే విప్పించండి.