మార్క్‌డౌన్ ప్రాక్టీస్‌కి ఉచిత టూల్స్: చాలాకాలం వాడాక చెప్తున్నా

డాక్యుమెంటేషన్ రాయడమే నా పని కాబట్టి, మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో హెడ్డింగులు, లిస్టులు రాసే మార్క్‌డౌన్ కోసం ఈ ఆన్‌లైన్ టూల్స్‌ని ఏళ్ల తరబడి వాడుతున్నా. ఒకవైపు టైప్ చేస్తుంటే పక్కనే పేజీ కనిపించే స్టాక్‌ఎడిట్, డిలింజర్ లాంటివి మొదలుపెట్టడానికి చాలా బాగుంటాయి, అకౌంట్ కూడా అక్కర్లేదు. హెడ్డింగులు, లింకులు, బోల్డ్ ఒక్క పూటలో చేతికొచ్చేస్తాయి. కానీ ప్రివ్యూ చక్కగా కనిపించినంత మాత్రాన లోపల అంతా సరిగ్గా ఉందని అనుకోవద్దు.

నాకు నిజంగా పని నేర్పింది కామన్‌మార్క్ (మార్క్‌డౌన్ నియమాల్ని కచ్చితంగా రాసిపెట్టిన ప్రమాణం) వాళ్ల డింగస్ అనే ఆన్‌లైన్ టెస్ట్ పేజీ. చూడ్డానికి సాదాగా ఉంటుంది, కానీ ప్రివ్యూ పక్కనే, మీరు రాసింది ఏ వెబ్ పేజీ కోడ్‌గా మారిందో చూపించే హెచ్‌టీఎంఎల్ ట్యాబ్ ఉంటుంది చూడండి, దాని కోసమే వాడాలి. ఇన్‌స్టాలేషన్ స్టెప్స్ రాస్తున్నారనుకోండి. "1." తర్వాత ఒక స్పేస్ ఇచ్చి స్టెప్ రాసి, దాని కింద కోడ్ బ్లాక్‌ని రెండే స్పేసులు జరిపి పెట్టండి. కోడ్ మొదలవకముందే లిస్టు ముగిసిపోయినట్టు ఆ ట్యాబ్‌లో తెలిసిపోతుంది, తర్వాతి స్టెప్ ఇంకో కొత్త లిస్టు అయిపోతుంది. మూడో స్పేస్ కూడా ఇస్తే కోడ్ వెళ్లి స్టెప్ లోపల కూర్చుంటుంది. ఎన్ని ట్యుటోరియల్స్ చదివినా ఇంత బాగా అర్థం కాదు.

ఆ తర్వాత బాబెల్‌మార్క్ చూడండి. మీరు రాసిన ముక్కని రకరకాల మార్క్‌డౌన్ ప్రాసెసర్లకి (మార్క్‌డౌన్‌ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చే ప్రోగ్రాములకి) ఇచ్చి, ఏది ఏం చేసిందో అన్నీ ఒకేచోట చూపిస్తుంది. మార్క్‌డౌన్‌ని తయారుచేసిన జాన్ గ్రూబర్ 2004లో పెట్టిన పద్ధతిలో లిస్టు కింద రెండో పేరా రాయాలంటే నాలుగు స్పేసులో ఒక ట్యాబో ఇవ్వాలి, కామన్‌మార్క్‌లో మాత్రం ఎన్ని స్పేసులన్నది పైన లిస్టు లైన్లో నంబర్ తర్వాత టెక్స్ట్ ఎక్కడ మొదలైందన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే నంబర్ల లిస్టుల్లో నేను నాలుగే ఇస్తా, రెండుచోట్లా నడుస్తుంది, "10." వచ్చినా ఇబ్బంది లేదు.

డింగస్‌లో టేబుల్ రాకపోతే టెన్షన్ పడకండి, కామన్‌మార్క్‌లో టేబుల్స్ లేవు, అవి గిట్‌హబ్ లాంటివాళ్లు విడిగా చేర్చుకున్నవి.

మార్క్‌డౌన్ లాంటిదే ఇంకో పద్ధతి అయిన రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ నేర్చుకునేవాళ్లకి మాత్రం ఇలాంటి ఆన్‌లైన్ టూల్స్ సగం దూరమే తోడొస్తాయి. మామూలు మార్కప్ వరకూ పర్లేదు గానీ, దాన్నుంచి డాక్యుమెంటేషన్ సైట్ తయారుచేసే స్ఫింక్స్‌కి మాత్రమే తెలిసిన టాక్‌ట్రీ (పేజీల విషయసూచిక కోసం రాసే ఆదేశం) లాంటివి రాస్తే చాలావాటిలో ఎర్రర్ వస్తుంది, అప్పుడు సొంత కంప్యూటర్‌లో స్ఫింక్స్ పెట్టుకోవాల్సిందే.

ఇంకోటి, బ్రౌజర్‌లోనే ఫైల్ దాచే ఎడిటర్ అయితే బ్రౌజర్ డేటా తుడిచేసే ముందు మీ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఆఫీసు డాక్యుమెంట్లు వీటిలో అస్సలు పేస్ట్ చేయొద్దు, ప్రాక్టీస్‌కి ఏదో ఒక టెక్స్ట్ సరిపోతుంది.