‘పిల్లలకి స్పెషల్ కేర్’ అనే యూరప్ టూర్ ఆయనతో జాగ్రత్త

నిన్న తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, విప్పలేదు. ముందు ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. పేరు మాత్రం రాయొద్దని మావారు గట్టిగా చెప్పారు, రాయను. ఫ్యామిలీతో యూరప్ అనగానే అందరూ మొదట ఇచ్చేది ఆయన నంబరే కాబట్టి మీలో సగం మందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మాట ముందొక ‘అక్కా’, మాట చివరొక ‘అక్కా’ తగిలిస్తాడు చూడండి, ఆయనే.

దసరా సెలవులు, పారిస్ మూడు రాత్రులు, స్విట్జర్లాండ్ నాలుగు. మేమిద్దరం, మూడేళ్ళు నిండిన మా పాప. మా అత్తగారు ముందే అన్నారు, “చంటిదాన్ని వేసుకుని అంత దూరం ఎందుకమ్మా, కాస్త ఊహ తెలిశాక వెళ్ళొచ్చుగా” అని. ఆ మాటే ఆయన దగ్గర అంటే పులిహోర కలపడం మొదలుపెట్టాడు. “అక్కా, మీ పాప నాకు మేనకోడలు లాంటిది. వ్యాన్‌లో కార్ సీటు, రాత్రికి పెరుగన్నం, స్ట్రోలర్ మడత పెట్టే పని కూడా మా వాళ్ళదే, మీరు ఊరికే ఫొటోలు దిగండి.” మేనకోడలు అనేసరికి నేను కరిగిపోయాను.

విమానం టికెట్ కాకుండా పాపకి విడిగా 54,000 అన్నాడు. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఎవరైనా మొత్తం ఒక్కటే చెబితే నాకు కుదరదు, విడగొట్టి పంపమన్నాను. పంపాడు. వీసా 11,500. స్విస్ పాస్, అంటే అక్కడి రైళ్ళలో తిరగడానికి, 19,000. యుంగ్‌ఫ్రావ్ అనే మంచుకొండ మీదికెళ్ళే రైలు టికెట్ 14,000. ఈఫిల్ టవర్ 3,500. కార్ సీటు 6,000. క్యాలిక్యులేటర్ తీసి కూడి చూసుకున్నాను కూడా. కూడిక కరెక్టే. అందులో కరెక్టు అదొక్కటే అని తర్వాత తెలిసింది.

డబ్బు వాళ్ళ బావమరిది యూపీఐకి, రోజుకి లక్ష చొప్పున పంపాం. బిల్లు లేదు. విదేశీ టూర్ ప్యాకేజీ మీద కట్టాల్సిన పన్ను గురించి, “టీసీఎస్ మీకెందుకక్కా దండగ, నేను చూసుకుంటా” అంటే సంబరపడ్డాను. పదేళ్ళుగా లెడ్జర్లు చూస్తున్న మనిషిని. ఇది చదివితే మా ఆఫీసులో నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియదు.

పారిస్ సంగతి పెద్దగా చెప్పను. అక్కడి మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టులు లేవు, స్ట్రోలర్ మడత పెట్టింది మేమే, మెట్లమీద మోసింది మావారు. పెరుగన్నం కనబడలేదు. ఈఫిల్ టవర్ దగ్గర పాప టికెట్ మీద ధర 0 యూరోలు అని ఉంది. నేను చూశాను. చూసి, గ్రూపు బుకింగ్ కదా, అలాగే వస్తుందేమో అనుకున్నాను. నాలుగేళ్ళలోపు పిల్లలకి అది ఫ్రీ అని అక్కడే ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. అడగలేదు.

నాలుగో రోజు పారిస్ నుంచి జ్యూరిక్‌కి రైలు, నాలుగు గంటల ప్రయాణం. అక్కడి నుంచి మా హోటల్ ఉన్న ఇంటర్‌లాకెన్‌కి వ్యాన్. అదే వ్యాన్‌లో ఈయన బ్యాచ్‌లోని ఇంకో రెండు కుటుంబాలు. జ్యూరిక్ స్టేషన్ హాల్లో పైకప్పు నుంచి పెద్ద నీలం రంగు దేవత బొమ్మ వేలాడుతూ ఉంటుంది, రెక్కలకి బంగారు రంగు. అది ప్రయాణికులని కాపాడే దేవత అని మావారు ఫోన్‌లో చదివి చెప్పారు. పాప టాటా చెప్పింది. మంచి టైమింగ్.

వ్యాన్ స్టేషన్ వెనక బస్సులు ఆగే చోట ఉంది. సాయంత్రం ఆరున్నర దాటింది, చలి మొదలైంది. సామాను ఎక్కించాం, పాపని మధ్య వరసలో కూర్చోబెట్టి షూ ఒకటి విప్పాను, రెండోది విప్పబోతుంటే డ్రైవర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అరవయ్యేళ్ళుంటాయేమో. పాపని చూపించి “సీట్?” అన్నాడు. ఉందిగా అన్నట్టు నేను ఆ సీటే చూపించాను. తల అడ్డంగా ఊపి, బెల్టు లాగి పాప మెడ దగ్గర పెట్టి చూపించాడు. నిజమే, బెల్టు దాని గొంతుకే తగులుతోంది. “నో సీట్, నో గో.” స్విట్జర్లాండ్‌లో 12 ఏళ్ళు నిండేదాకా, లేదంటే 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, కారులోనైనా వ్యాన్‌లోనైనా పిల్లలకి తగిన సీటు ఉండాల్సిందే. ఆ డ్రైవర్ మీద నాకు కోపం లేదు. ఆ టూర్ మొత్తంలో మా పాప మెడ గురించి ఆలోచించింది ఆయనొక్కడే.

ఫోన్ చేశాం. హైదరాబాద్‌లో రాత్రి పది దాటింది, అయినా ఎత్తాడు.

“అక్కా, ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, ఏం కాదు.”

డ్రైవర్ ఒప్పుకోవట్లేదు, కార్ సీటుకి ఆరు వేలు తీసుకున్నావు కదా అన్నాను.

“అక్కడ దొరకలేదక్కా. డ్రైవర్‌కి ఒక ఇరవై యూరోలు చేతిలో పెట్టండి, వాడే ఊరుకుంటాడు.”

స్పీకర్‌లో ఉంది. వ్యాన్‌లో అందరూ వింటున్నారు. వెనక సీట్లోంచి ఒక పెద్దాయన “అమ్మా, టైం అవుతోందమ్మా, మాకు హోటల్లో డిన్నర్ ఎనిమిదిన్నరకే క్లోజ్” అన్నారు. ఆయన తప్పూ లేదు, ఆయన కూడా డబ్బు కట్టినవాడే. నా గొంతు లేచింది. ఇప్పుడే సీటు ఏర్పాటు చెయ్, లేకపోతే మాకు వేరే బండి పంపు అన్నాను.

అప్పుడన్నాడండీ. అదే గొంతు, అదే ‘అక్కా’.

“మీ ఒక్కళ్ళ కోసం బ్యాచ్ మొత్తాన్ని ఆపలేనక్కా. అసలు మూడేళ్ళ పిల్లని వేసుకుని యూరప్ ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?”

ఎవరు రమ్మన్నారా? నువ్వే కదా నాయనా, ‘మేనకోడలు’ అన్నది! నోటి చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను. అలాంటప్పుడు నాకు మాట రాదు, ఏడుపొస్తుంది. అప్పట్నుంచీ ఆ జవాబు వంద రకాలుగా చెప్పుకుంటున్నాను, రైల్లో, హోటల్లో, ఇప్పుడు ఇంట్లో అంట్లు తోముతూ. మావారు ఫోన్ అందుకునేలోపు కట్ చేశాడు. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్.

డ్రైవరే మా సూట్‌కేసులు ఒక్కొక్కటీ దించి పేవ్‌మెంట్ మీద వరసగా పెట్టాడు. వ్యాన్‌లోంచి ఒకావిడ కిటికీ తీసి పాప చేతిలో బన్ను ప్యాకెట్ పెట్టింది. వ్యాన్ వెళ్ళిపోయింది. పాపని ఎత్తుకుంటే కాలు చల్లగా తగిలింది. చూస్తే కుడికాలి షూ లేదు, అది ఇంటర్‌లాకెన్ వెళ్ళిపోయింది. మాకంటే ముందు హోటల్ చేరింది అదొక్కటే.

మా ఇద్దరి స్విస్ పాస్‌లు మర్నాటి నుంచి మొదలు. అందుకని మళ్ళీ స్టేషన్‌లోకి వచ్చి టికెట్లు కొన్నాం, ఇద్దరికీ దాదాపు 150 ఫ్రాంకులు. అంటే మన డబ్బుల్లో పదహారు వేల దాకా. పాప పాస్ మాత్రం ‘ఆరోజు నుంచే’ ఉందని పీడీఎఫ్ పంపించాడు కదా, దానికి కొనలేదు.

బెర్న్ దాకా డబుల్ డెక్కర్ రైలు. ఒక పెట్టెలో పై అంతస్తులో పిల్లలకి ఆటల చోటు, చిన్న జారుడుబల్ల. పాప ఒక షూతోనే ఎక్కి జారుతోంది, ఎక్కి జారుతోంది. నేను పక్కనే కూర్చుని ఏడుస్తున్నాను. టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. మావారు మా టికెట్లు చూపించి, పాపది పీడీఎఫ్ తీశారు. ఆవిడ అది పెద్దది చేసి చూసింది, “ఇదేంటి?” అంది. పాప పాస్ అన్నాం. “వయసెంత?” మూడు. “ఆరేళ్ళు నిండేదాకా ఏ టికెట్టూ అక్కర్లేదు కదా” అని ఫోన్ తిరిగిచ్చి, పాపకి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

అక్కడ ఏడుపు ఆగిపోయింది నాకు. ఆ 54,000 లిస్టు తీసి ఒక్కొక్కటీ వెతకడం మొదలుపెట్టాను. ఇంటర్‌లాకెన్ చేరేలోపు అయిపోయింది. స్విస్ రైలు ఫ్రీ. యుంగ్‌ఫ్రావ్ కూడా ఆరేళ్ళలోపు పిల్లలకి ఫ్రీ. ఈఫిల్ ఫ్రీ. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళలోపు పిల్లలకి లేనే లేదు. అప్లికేషన్ సెంటర్ సర్వీస్ ఛార్జి ఉంటుంది, అది నిజం, అబద్ధం చెప్పను, కానీ అది 11,500 కాదు. ఇక మిగిలింది కార్ సీటు, అది అసలు లేదు. లేని సీటుకి డబ్బు తీసుకోవడం ఒక రకం. ప్రపంచమంతా మూడేళ్ళ పిల్లలని ఊరికే రమ్మంటుంటే దారిలో టేబులేసుకుని టికెట్ చింపడం ఇంకో రకం. మేనమామ గారు రెండూ చేశారు.

మర్నాడు టూర్ గ్రూపు చాట్‌లో మర్యాదగానే ఆయన్ని అడిగాను, లెక్క చెప్పమని. పది నిమిషాల్లో ఆ లిస్టు ఉన్న మెసేజ్ డిలీట్ అయింది, ఇంకో పది నిమిషాల్లో నేను డిలీట్ అయ్యాను. స్క్రీన్‌షాట్ ఉంది నా దగ్గర. రీఫండ్ అంటే మావారితో “చూద్దాం బావా” అన్నాడట. మావారు బావ ఎప్పుడయ్యారో మరి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేద్దామంటే బిల్లు లేదు, కంపెనీ పేరు మీద డబ్బు వెళ్ళలేదు. అయినా యూపీఐ లావాదేవీలూ, స్క్రీన్‌షాటూ పట్టుకుని లాయర్‌ని కలుస్తాను. ఏమైందో చెబుతాను.

నిన్న సాయంత్రం మా చెల్లెలు ఒక పోస్టర్ పంపింది. డిసెంబరు బ్యాచ్, క్రిస్మస్ మార్కెట్లు, కింద గులాబి రంగు బెలూన్‌లో ‘పిల్లలకి స్పెషల్ కేర్’. సగం సీట్లు అయిపోయాయట. అందుకే ఈ హడావిడి.

వెళ్ళేవాళ్ళు పాపకో బాబుకో డబ్బు కట్టే ముందు ఆయా వెబ్‌సైట్లలో పిల్లల రేటు ఒకసారి చూసుకోండి, అయిదు నిమిషాల పని, నేను చెయ్యనిది. బిల్లు మీద పాన్, జీఎస్టీ నంబర్లు లేకపోతే కట్టొద్దు. కార్ సీటు ఇస్తామంటే పిల్ల బరువు, ఎత్తు చెప్పి రాతలో తీసుకోండి. లేదా స్విట్జర్లాండ్‌లో వ్యాన్ ఊసే ఎత్తకుండా రైలెక్కండి, జారుడుబల్ల ఉంటుంది.

ఆ వ్యాన్‌లో వచ్చిన రెండు కుటుంబాల్లో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ మీద నాకు కోపం లేదు. మధ్య వరస సీటు కింద లేత ఊదారంగు షూ, కుడికాలిది, వెల్క్రో పట్టీ ఉన్నది, మీ సామానులో వచ్చిందేమో చూడండి. పాప రోజూ అడుగుతోంది.