ఎర్రగడ్డ పడకా, ఇంటి దగ్గర వైద్యమా: ఏది మేలు?

పేపర్లో "మతిస్థిమితం లేని వ్యక్తి దాడి" అని వార్త పడిందంటే ఆ రోజు మా బోరబండ గల్లీలో ఎవరో ఒకరు నన్ను ఆపుతారు. "మీ తమ్ముణ్ని ఎర్రగడ్డలో వేసెయ్యరాదన్నా?" ఎర్రగడ్డ అంటే హైదరాబాదులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. మా చిన్నాన్న కొడుక్కి స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించి, లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు. ఆసుపత్రి పడకా చూశాం, ఇంటి దగ్గర వైద్యమూ చూస్తున్నాం.

పడకను తీసిపారెయ్యను. వాడు మూడు రాత్రులు నిద్ర లేకుండా, చెవిలో ఎవరో తిడుతున్నారని కూరగాయల కత్తి దిండు కింద పెట్టుకున్నప్పుడు ఇంట్లో మాత్ర మింగించడం మా వల్ల కాలేదు. అప్పుడు ఎర్రగడ్డ దవాఖానే దిక్కయింది. కానీ గల్లీవాళ్లు అనుకునే "వేసెయ్యడం" ఇప్పుడు చట్టంలో లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒప్పుకోని మనిషిని చేర్చుకుంటే మొదట 30 రోజులే. పొడిగించాలంటే మళ్లీ పరీక్షించాలి, ఆ చట్టం కింద ఏర్పడే సమీక్షా బోర్డు ఒప్పుకోవాలి. గొలుసులు వెయ్యకూడదు. ఊరి చివర ఒక ప్రైవేటు సెంటర్లో కూడా రెండు నెలలు ఉంచాం. డబ్బు కట్టించుకున్నారు, ఏ మందులు ఇచ్చారో కాగితం మాత్రం చేతికి ఇవ్వలేదు.

అయినా పడకతో అసలు చిక్కు డిశ్చార్జి రోజున మొదలవుతుంది. చీటీ, పదిహేను రోజుల మాత్రలు, ఆటో. ఆ తర్వాత అడిగే దిక్కుండదు. రెండో నెలకల్లా మావాడు మందు మానేసి మందు మొదలుపెట్టాడు (ఈ రెండింటికీ తెలుగులో ఒకే మాట ఎందుకుందో!). మళ్లీ గొడవ, పక్కింటి బండి అద్దం పగిలింది. నిజం చెప్పాలంటే వాడు కొట్టినదానికంటే తిన్న దెబ్బలే ఎక్కువ.

జబ్బుకీ నేరానికీ సంబంధమే లేదనను. కానీ అది జనం అనుకునే చోట లేదు. డిశ్చార్జయినవాళ్లను అమెరికాలో వెంబడించి చూసిన అధ్యయనం 1998లో వచ్చింది. తాగుడు, మత్తు జోలికి పోని రోగులు అలాంటి అలవాట్లే లేని ఇరుగుపొరుగు కంటే ఎక్కువేమీ కొట్లాడలేదు. ఇంకో లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. పలు దేశాల వివరాలు కలిపి 2010లో వేసినది. సైకోసిస్ (నిజానికీ భ్రమకీ తేడా తెలియని స్థితి) మొదటిసారి వచ్చి చికిత్స అందనివాళ్లలో దాదాపు 630 మందికి ఒకరి చేతిలో హత్య జరిగింది. చికిత్సలో పడ్డాక ఏడాదికి దాదాపు 9,000 మందికి ఒకరు. అంటే భయపడాల్సింది ఇంకా ఏ డాక్టరూ చూడని కుర్రాణ్ని చూసి. వాణ్ని "గాలి సోకింది" అని తాయెత్తులు కడుతూ తిప్పుతుంటాం. ఎర్రగడ్డకు ఎన్ని గోడలు కట్టినా ఆ కుర్రాడు బయటే ఉంటాడు.

అందుకే నా ఓటు ఇంటి దగ్గర వైద్యానికి. మావాడికిప్పుడు నాలుగు వారాలకోసారి నడుముకి ఇంజెక్షన్. చిన్నమ్మ గోడ క్యాలెండర్లో ఆ తేదీకి ఎర్ర సున్నా చుడుతుంది. రోజూ మాత్ర కోసం జరిగే యుద్ధం ఆగిపోయింది. సందేహమొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులక్కర్లేదు.

లోపాలూ తక్కువేం లేవు. బస్తీ దవాఖానలో బీపీకీ షుగరుకీ మందులిస్తారు, మానసిక వైద్యుడు ఉండడు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది గానీ మా గడప ఎవరూ తొక్కలేదు. ఇంటి దగ్గర వైద్యమంటే చాలాసార్లు ఇంట్లో ఆడమనిషి వైద్యమే. చిన్నమ్మ కుట్టు పని మానేసి నాలుగేళ్లయింది. నా చేతిలో నిధులుంటే కొత్త పడకలకు కాదు, ఇంజెక్షన్ తేదీ దాటితే ఇంటికొచ్చి తలుపు కొట్టే ఒక నర్సమ్మకు పెడతాను.

నర్సమ్మ లేదు కాబట్టి వాడు తేడాగా కనిపిస్తే ఫోన్ చెయ్యమని కిరాణా కొట్టు యాదగిరన్నకు చెప్పిపెట్టాను. మొన్న చలికాలంలో ఫోన్ చేశాడు: "తమ్ముడు మూడొద్దుల సంది తెల్లారగట్ల నాలుగింటికే షట్టర్ కొడుతుండు, సిగరెట్ల కోసం." ఇంజెక్షన్‌కి ఇంకా వారముంది. ఆ పొద్దునే తీసుకెళ్లాం. డాక్టరు డోసు మార్చారు, చేర్చాల్సిన పని పడలేదు.